రాహేలమ్మ ఇంటి బోరు

ఆదివారం ఆరాధన ముగిసి పెద్దవాళ్లు ఇళ్లకు పోయారు. చర్చి పక్కన రేకుల పంచలో పిల్లలు మాత్రం మిగిలారు. వాళ్లకు సండేస్కూలు చెప్పేది రాహేలు. గండికోట రిజర్వాయరులో ఊళ్లు మునిగాక కొండాపురం దగ్గర ఇళ్లు కట్టుకున్నవాళ్ల కాలనీ అది.

ఆ రోజు పాఠం మన్నా. ఎడారిలో ఆకలితో అలమటిస్తున్న జనానికి దేవుడు ఆకాశం నుంచి ఆహారం కురిపించడం, ఏ రోజుకారోజు సరిపడా ఏరుకోమనడం, రేపటికని దాచుకున్నవాళ్ల కుండల్లో తెల్లారేసరికి పురుగులు లుకలుకలాడడం. రాహేలు ముక్కు మూసుకుని ఆ కంపును నటించి చూపిస్తే పిల్లలు పడీపడీ నవ్వారు.

"ఎందుకు పురుగులు పట్టినాయి?" అనడిగింది.

"ఆశకు పోయినారు టీచర్!"

"ఆఁ. దేవుడిచ్చేది అందరికీ. ఒకరే మూట కట్టుకుంటే ఇంకొకరి పళ్లెం ఖాళీ అయితాది."

వెనక వరుసలో సలోమి చెయ్యెత్తింది. "టీచర్, నీళ్లు దాచుకుంటే గూడా పురుగులు పడతాయా?"

ఆ పిల్ల కావాలని దెప్పలేదు. తెలియక అడిగింది. కానీ ముందు వరుసలో కూర్చున్న రాహేలు కూతురు కెరోలిన్ తల దించుకుంది. రాహేలు బైబిలు మూసేసింది. ప్రార్థన చేసి పిల్లలను పంపించేసింది.

ఆ ఎండాకాలం కాలనీలో బోర్లన్నీ ఎండిపోయాయి, ఒక్క రాహేలు ఇంటిది తప్ప. చెవి కమ్మలు అమ్మి వేయించుకున్న బోరు. మొదట్లో అడిగినవాళ్లకల్లా నీళ్లు పట్టనిచ్చింది. పొద్దస్తమానం బిందెలు వరుస కట్టేసరికి భయం పట్టుకుంది. ఇది కూడా ఎండితే? లారీ మీద పోయిన మొగుడు యోబు ఏ వారానికో గానీ రాడు, పిల్లతో తానేం కావాలి? గేటుకు తాళం వేసింది. మొన్ననే సలోమి తల్లి ఖాళీ బిందెతో గేటు కాడి నుంచి వెనక్కి పోయింది.

ఇంటికి వచ్చి అన్నం వండుతుంటే పెరట్లో చప్పుడైంది. వెళ్లి చూస్తే కెరోలిన్ గోడ మీదుగా పైపు అవతలికి జారవిడిచి పట్టుకుని ఉంది. అవతల పక్కింటి అవ్వ అమీనాబీ బిందె పట్టుకుని నిలబడింది.

"ఏంది పాపా ఈ పని? ఎన్నాళ్ల నుంచి చేస్తాండావు?" రాహేలు చెయ్యెత్తింది.

"అవ్వకు మోకాళ్లు శానా నొప్పిమా. నీళ్ల ట్యాంకరు కాడ నిలబడల్యాకపోతాంది," అంది కెరోలిన్ ఏడుపు గొంతుతో.

గోడ అవతల నుంచి అమీనాబీ అంది: "బిడ్డను కొట్టొద్దు రాహేలమ్మా. తప్పు నాది, నేనే అడిగినా. ఈ నీళ్లు మళ్లీ నీ తొట్లోనే పోస్తా, తీసుకో." అని ఆ ముసలావిడ నిండు బిందెను రెండు చేతులతో గోడ మీదికి ఎత్తబోయింది. మోకాళ్లు వణికి నీళ్లు తొణికాయి.

రాహేలు ఎత్తిన చెయ్యి అట్లాగే నిలిచిపోయింది. తాగే నీళ్లు ఒక ముసలామె చేత వెనక్కి పోయించుకోవడమా! కాసేపటి కింద తాను చెప్పిన పాఠం తనకే వినబడింది.

"దించు అత్తా, దించు. నడుం పట్టుకుంటాది," అంది. ఎత్తిన చెయ్యి కూతురి తల మీద వేసింది. "నాది తప్పు."

మరుసటి రోజు పొద్దున్నే గేటు తీసి వీధి ఆడవాళ్లను పిలిచింది. "ఇంటికి రెండు బిందెలు. మా ఇంటికీ అంతే. చంటి పిల్లోళ్లున్న ఇంటికి ఇంకొకటి. అయిపోతే అందరికీ అయిపోయినట్టే." వరుస చూసే పని సండేస్కూలు పిల్లలు తీసుకున్నారు. ఎవరైనా దొంగతనంగా ఒక బిందె ఎక్కువ తెస్తే సలోమి వీధంతా వినబడేట్టు అరిచేది.

మే నెల నడిమిలో రాహేలు భయపడిందే జరిగింది. మోటారు వేస్తే గాలి తప్ప చుక్క రాలేదు. "పాయ. బోరు పాయ," అంది గేటు కాడ నిలబడ్డ ఆడవాళ్లతో. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. రాహేలు మెట్టు మీద కూలబడింది. ఇక ఈ గడప ఎవరు తొక్కుతారు అనుకుంది.

ఎండ ముదిరాక ట్యాంకరు వచ్చిపోయిన చప్పుడైంది. ఆమె లేచి పోనేలేదు. కొంతసేపటికి అమీనాబీ కుంటుకుంటూ వచ్చింది, చంకలో సగం బిందె. వెనకాలే సలోమి తల్లి, నిండు బిందెతో.

"మీకే చాలవు కదా అత్తా!" అంది రాహేలు.

"మీరు తాగొద్దా ఏంది?" అని అమీనాబీ వంటింట్లోకే పోయి నీళ్లు పోసింది.

ఆ నీళ్లతోనే రాహేలు టీ పెట్టింది. ముగ్గురూ గడప మీద కూర్చుని తాగారు. కెరోలిన్ అవ్వ మోకాళ్లకు నూనె రాసింది. బోరు కొన్నాళ్లు ఆగి మళ్లీ కాస్త ఊరింది. ఇంటికి ఒక బిందెకే నీళ్లు వచ్చేవి. అయినా ఆ వీధిలో ఆ ఎండాకాలం ఎవరి పొయ్యీ నీళ్లు లేక ఆరిపోలేదు.