నాలుగేసి మైక్రాన్లు

మార్చి పద్నాలుగు. ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఉడికించిన గుడ్డులో సగం, రెండు రొట్టె ముక్కలు, సగం అరటిపండు. ఏవీ నావి కావు. నా భార్య పోయాక పనిలోకి వచ్చిన మొదటిరోజు అదే. డబ్బా తెచ్చుకోవాలన్న ధ్యాసే లేదు. గ్రైండింగ్ యంత్రం నడిపే ఆవిడ తన డబ్బా మూత మీద సగం సర్ది నా ముందుకు తోసింది.

"తినండి సార్. గుడ్డు నిన్నటిది కాదు లెండి."

షెడ్డులో అందరికీ ఆవిడ పిన్ని. నేను మాత్రం 'అమ్మా' అనేవాణ్ణి.

తిన్నాక ఆవిడ యంత్రాన్నే బాగుచేయడానికి కూర్చున్నాను. అరగదీసే ఇనుప ముక్కను మోస్తూ కదిలే బల్ల ఎక్కడుందో తెలియడానికి దాని పక్కన సన్నని గీతల గాజు స్కేలు ఉంటుంది. బల్ల కదిలినప్పుడు ఎన్‌కోడర్ అనే పరికరం ఆ గీతలను చూస్తూ రెండు తీగల్లో విద్యుత్ పల్సులు పంపుతుంది. ఒక తీగది పావు వంతు వెనకబడి వస్తుంది. ఏది ముందుందో చూస్తే బల్ల ఎటు వెళ్తోందో తెలుస్తుంది. కౌంటర్ కార్డు వాటిని లెక్కపెడుతుంది. గీతకు నాలుగు లెక్కలు, లెక్కకు ఒక మైక్రాను. వెంట్రుక మందంలో అరవయ్యో డెబ్బయ్యో వంతు.

పక్క షెడ్డులో కొత్తగా వెల్డింగ్ మొదలై, ఆ అలజడి తీగల్లోకి దూరి దొంగ పల్సులు పుట్టిస్తోంది. మరీ పొట్టి పల్సు వస్తే నమ్మొద్దని కార్డులో ఒక వడపోత పెట్టాను. రక్షణ తలుపు తెరిచి ఉంటే యంత్రం నిదానంగానే కదులుతుంది. అలాగే పదిసార్లు నడిపి చూశాను. ఒక్క మైక్రాను తేడా లేదు. సంతకం పెట్టేశాను.

ఏప్రిల్ నుంచి ఆవిడ చేసిన ముక్కలు తిరిగి రావడం మొదలైంది. పొద్దుటివి బాగుండేవి, సాయంత్రానివి పోయేవి. తనిఖీ చేసే అతన్ని మేమంతా భూతద్దం అంటాం. అతను ఊరుకునే రకం కాదు.

"పిన్నీ, సూదిలో దారం ఎక్కించి చూపించు. టీ నేనిప్పిస్తా."

"ముందు నీ చొక్కా గుండీ కుట్టించుకోరా. అది ఊడిందని నాకు ఇక్కడికే కనిపిస్తోంది," అంది.

నవ్వేవాళ్ళం. కానీ సాయంత్రానికి కళ్ళు అలసిపోతున్నాయన్న మాట షెడ్డంతా పాకింది, చివరికి ఆవిడా నమ్మింది. నన్ను పిలిస్తే రెండుసార్లు వెళ్ళి, తలుపు తెరిచి, నిదానంగా నడిపి, యంత్రంలో ఏ లోపమూ లేదని చెప్పి వచ్చాను. ఆవిడ కళ్ళజోడు చేయించుకుంది. జూన్‌లో తన చేత్తోనే అర్జీ రాసిచ్చింది: 'చూపు ఆనడం లేదు, వేరే పని ఇప్పించండి.' ఇరవై రెండేళ్ళ పనితనం అది. ప్యాకింగ్‌కు మార్చారు.

యంత్రం మీద ఆవిడ ఆఖరి రోజున, కొత్తగా వచ్చేవాళ్ళకు చూపిద్దామని, తిరిగొచ్చిన ముక్కల పుస్తకం తీశాను. తేడాలు మైక్రాన్లలో రాసి ఉన్నాయి. ఎనిమిది, పన్నెండు, పన్నెండు, ఇరవై, పదహారు. పేజీ తిప్పాను. మళ్ళీ నాలుగేసి చొప్పునే. నాలుగంటే స్కేలు మీద ఒక గీత. ఒకటి అటూ ఇటూ, అంతే. కళ్ళు తప్పితే ఆరూ తప్పుతాయి, పదీ తప్పుతాయి. గీతలకు గీతలే మాయం చేసేది కౌంటర్ ఒక్కటే.

తలుపు మూసి, పూర్తి వేగంతో యాభైసార్లు పరిగెత్తించి, బల్లను సున్నా గుర్తు దగ్గరికి తెచ్చాను. ఎనిమిది తక్కువ. వేగంగా వెనక్కి వచ్చేటప్పుడు అసలు పల్సులే పొట్టివవుతాయి. వాటిలో కొన్నిటిని నా వడపోత దొంగవనుకుని పారేస్తోంది. యంత్రం రోజూ పొద్దున్నే సున్నా వెతుక్కుంటుంది కనుక పొద్దున తప్పు లేదు. సాయంత్రానికి పోగవుతుంది.

పుస్తకం పట్టుకుని మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. మర్యాదగా మొత్తం విన్నాడు.

"తప్పు యంత్రానిదే సార్, ఒప్పుకుంటాను. కానీ చూపు ఆనట్లేదని ఆవిడే రాసిచ్చారుగా. అది ఫైల్లో ఉండగా మళ్ళీ గ్రైండింగ్ మీద నిలబెట్టి, రేపు వేలేదైనా తెగితే?"

"కళ్ళు బాగున్నాయని డాక్టరుతో రాయిస్తే?"

"డాక్టరు కళ్ళజోడు రాశారు కద సార్."

"ఈ వయసులో ఎవరికైనా రాస్తారండీ. నాకూ ఉంది."

"మీరు గ్రైండింగ్ చెయ్యరుగా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపముంటే దేన్నో ఒకదాన్ని పట్టుకుని వాదించేవాణ్ణి.

తిరిగి వచ్చేసరికి ఆవిడ బల్ల తుడుస్తోంది. మొత్తం చెప్పాను. వడపోత పెట్టింది ఏ రోజో కూడా చెప్పాను. ఆవిడ గుడ్డ మడతపెట్టింది.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయమ్మా. మొదట్నుంచీ."

"ఇంట్లో వాళ్ళు బియ్యంలో రాళ్ళు కూడా ఏరనివ్వట్లేదు సార్." నవ్వబోయి ఆగింది. "ఆ రోజు మీరు గుడ్డు సగం వదిలేశారు. నాకు గుర్తుంది. మనిషి మనిషిలా లేరు."

నేను వడపోత అంకె సరిచేశాను. వేగంగా నడిపి చూస్తే సున్నా సున్నా దగ్గరే నిలిచింది. రేపు దాని ముందు నిలబడేది వేరే మనిషి. ఆవిడ పక్కనే నిలబడి ఆ సున్నాను చూసింది, కళ్ళజోడు తీసేసి.

తర్వాత దీపాలు ఆర్పింది. లోపలి చల్లదనం పోకుండా, అదురు తగలకుండా, ఇరవై రెండేళ్ళుగా వేసినట్టే యంత్రం గది తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.