భయమున్నవాళ్ళు

రోలర్ చేతిని లాక్కున్నప్పుడు, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ అరవలేదు. అందుకే పక్కవాళ్ళకి తెలిసేసరికి ఆలస్యమైంది.

ఆస్పత్రుల నుంచి, హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. తడి దుప్పట్లను నొక్కి ఆరబెట్టే వేడి రోలర్ ముందు, చెయ్యి లోపలికి పోకుండా ఒకప్పుడు ఇనప కమ్మీ ఉండేది. పని నెమ్మదిస్తోందని మేనేజరు దాన్ని పీకించేశాడు. ఇప్పుడతను బకెట్‌తో నీళ్ళు తెప్పించి, పెద్దమ్మ చేతిని అందులో ముంచి, చల్లబడుతుందిలే అన్నాడు. ఆమె ఇంకా బకెట్ పక్కన కూర్చుని ఉండగానే మెషిన్ తిప్పించాడు. మరకపడిన దుప్పటిని మళ్ళీ ఉతకమన్నాడు. పెద్దమ్మని ఏం చెయ్యాలో చెప్పలేదు. గదంతా కలయజూసి, మడతలు పెట్టే ఆడవాళ్ళలో ఒకమ్మాయిని వేలితో పిలిచి, రేపట్నుంచి రోలర్ నువ్వు చూసుకో అన్నాడు.

ఆ వేలు చూపించింది ఇనపక్క చెల్లెల్ని.

ఇనపక్క ఇస్త్రీ ప్రెస్ మీద ఒంటరిగా పనిచేసేది. ఆ పేరు ప్రెస్ వల్ల వచ్చిందని కొందరు, నోటివల్ల వచ్చిందని కొందరు అనేవారు. నడవాలో ఎదురుపడితే మేనేజరే పక్కకి తప్పుకునేవాడు. కుడిచేత్తో ప్రెస్ పిడి లాగుతున్నంతసేపూ ఆమె ఎడమచెయ్యి ఏప్రాన్ జేబులోనే ఉండేది. అది ఆమె దర్జా అనుకునేవారు.

ఆ సాయంత్రం సబ్బు డ్రమ్ముల గదిలో మీటింగు పెట్టింది. ఎప్పుడూ వచ్చేవాళ్ళే వచ్చారు: బాయిలర్ మనిషి, వ్యాన్ డ్రైవరు, ఉతికే సెక్షన్ నుంచి ఇంకొందరు. అందరూ దవడలు బిగించి మాట్లాడేవాళ్ళే. ఇనపక్క ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

"భయమున్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు."

ఎవరూ లేవలేదు. ఎప్పుడూ లేవరు. ఆ మాట తర్వాత వచ్చే నిశ్శబ్దమంటే ఆమెకి ఇష్టం. మేనేజర్నే రోలర్లో వేసి తీస్తే ముడతలు పోతాయని డ్రైవరన్నాడు, అందరూ నవ్వారు. పథకం ఇదీ: పొద్దున్నే బాయిలర్ మనిషి మెషిన్లకి వెళ్ళే ఆవిరి కట్టేస్తాడు, డ్రైవరు వ్యాన్‌ని గేటుకి అడ్డం పెడతాడు. కమ్మీ బిగించేదాకా పని లేదు. అంతే.

పొద్దున ఆవిరి ఎప్పట్లాగే వచ్చింది. వ్యాన్ ఎప్పట్లాగే వెళ్ళిపోయింది.

ఇనపక్క ఒక్కతే ప్రెస్ పిడి వదిలేసి నిలబడింది. మేనేజరు వచ్చాడు. ఈసారి పక్కకి తప్పుకోలేదు. "ఏమ్మా, సైన్యం సెలవు పెట్టిందా?" అని నవ్వి వెళ్ళాడు. అద్దాల గోడ అవతల చెల్లెలు రోలర్ ముందు నిలబడి ఉంది. దుప్పటి అంచు అందిస్తోంది, వేళ్ళు వెనక్కి లాక్కుంటోంది, మళ్ళీ అందిస్తోంది.

ఇనపక్క బాయిలర్ గదికి వెళ్ళింది. బాయిలర్ మనిషి తల ఎత్తలేదు.

"నిన్న లేచి వెళ్ళిపోతే పోయేదిగా. వెళ్ళమని చెప్పాను కదా."

అతను చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నువ్వలా అన్నాక ఎలా లేస్తామక్కా? లేస్తే పిరికిగొడ్డునని అందరికీ తెలిసిపోతుంది. కూర్చోవడమే తేలిక. పొద్దున ఆవిరి కట్టేసే ఈ చక్రం దగ్గర నేనొక్కణ్ణే కదా, ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు."

తిట్టడానికే వెళ్ళింది. తిట్టలేకపోయింది. అతని మొహంలో ఆమెకి తెలిసిన మనిషే కనపడింది. పళ్ళు బిగించడం, ముందుగా నవ్వేయడం, ఎవరూ అడగకముందే గొంతు పెంచడం. అవన్నీ ఆమెవే. ఇన్నాళ్ళూ ధైర్యవంతులు తన చుట్టూ చేరారనుకుంది. చేరినవాళ్ళంతా తనలాంటివాళ్ళు. మేనేజరుకన్నా ఆమె చూపుకే ఎక్కువ భయపడేవాళ్ళు.

ఇంటికెళ్ళాక చెల్లెలు వంటింటి గట్టు దగ్గర చేతులు చాచి కూర్చుంది. వేళ్ళ కొసలు ఎర్రగా కంది ఉన్నాయి. అవి చూస్తుంటే ఇనపక్కకి కోపం వచ్చింది. కోపం రావడం ఆమెకి అలవాటు.

"నువ్వొక్క మీటింగుకైనా వచ్చావా? మీ మడతగదిలో ఒక్కరైనా వచ్చారా?"

"వచ్చేవాళ్ళం," అంది చెల్లెలు. "ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చేవాళ్ళం. భయమున్నవాళ్ళు వెళ్ళిపొమ్మనేదానివి. వెళ్ళిపోయేవాళ్ళం."

 ఇనపక్క ఏప్రాన్ ఎప్పుడో విప్పేసింది, ఎడమచెయ్యి పెట్టుకోవడానికి జేబు లేదు. ఆ చెయ్యి వణుకుతోంది. చెల్లెలు దానికేసి చూసి, ఏమీ అనకుండా తన కందిన వేళ్ళతో పట్టుకుంది.

మర్నాడు భోజనాల వేళ ఇనపక్క మడతగదిలోకి వెళ్ళింది. ముచ్చట్లు ఆగిపోయాయి. ఆ గదిలో పని ఎప్పుడూ ఇద్దరిదే. దుప్పటికి చెరోవైపు నిలబడతారు. ఒకరు "కొస" అంటారు, రెండోవాళ్ళు ఆ కొస పట్టుకుని "పట్టా" అనేదాకా వదలరు. ఇనపక్క ఒక దుప్పటి అందుకుంది. ఎదురుగా చెల్లెలు నిలబడింది. ఇనపక్క గట్టిగా గుంజేసరికి చెల్లెలు తూలింది.

"లాగకే అక్కా. ఇది ప్రెస్సు కాదు. ఇవతల మనిషున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ దుప్పటి చేతుల్లో ఉండగానే ఇనపక్క అంది:

"నాకు భయంగా ఉంది."

చెల్లెలి వేళ్ళ కోసమే ఈ మాట వచ్చిందా? కాకపోతే పెద్దమ్మ చెయ్యి కాలినప్పుడే ఎందుకు రాలేదు? ఆ ప్రశ్న ఆమెని పొడిచింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మేనేజరు అడుగుల చప్పుడు వింటే ఎడమచెయ్యి వణుకుతుందని, అందుకే జేబులో దాస్తుందని చెప్పింది.

"అమ్మయ్య," అంది మూలనున్న ఒకావిడ. "ఇన్నాళ్ళూ ఆ జేబులో ఏ కత్తో ఉందనుకున్నాం తల్లీ."

ఈసారి గదంతా నవ్వింది. నవ్వు తగ్గాక ఒక్కొక్కరే మొదలుపెట్టారు. ఒకరికి మొగుడంటే భయం, ఒకరికి పోలీసులంటే, ఒకరికి ఆ రోలర్ కలలోకి వస్తుంది. తలుపు దగ్గర బాయిలర్ మనిషి ఎప్పుడొచ్చాడో నిలబడి ఉన్నాడు. డ్రైవరు మాత్రం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

భయమున్నవాళ్ళు వేసిన పథకం వేరేలా ఉంది. ఎవరూ ఒంటరిగా నిలబడకూడదు. మేనేజరు పిలిస్తే ఇద్దరు వెళ్ళాలి. ఒకరి గొంతు ఆగిపోతే రెండోవాళ్ళు అందుకోవాలి. చెల్లెలి పక్కన రోలర్ దగ్గర మూలావిడ నిలబడుతుంది. మరి ఆవిరి కట్టేసేటప్పుడు బాయిలర్ మనిషి పక్కన ఎవరని అడిగితే, కట్టు కట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని గోడవారగా కూర్చున్న పెద్దమ్మ, "నేను కూర్చుంటాను. చక్రం తిప్పలేను గానీ చూస్తూ ఉండగలను," అంది.

తర్వాతి రోజు మడతగది మొత్తం రోలర్ ముందుకొచ్చి నిలబడింది. చెల్లెలు దుప్పటి అందించలేదు. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి, ఎవరిని తీసుకెళ్ళాలో మేనేజరు చూపించాక, ఇనపక్క రెక్క పట్టుకున్నారు. ఆమె మోకాళ్ళు వణికాయి. దాచుకోలేదు.

"చూడండర్రా మీ లీడర్‌ని," అన్నాడు మేనేజరు. "కాళ్ళెలా వణుకుతున్నాయో."

"మావీ వణుకుతున్నాయండీ," అంది చెల్లెలు. ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది. పక్కనున్న మూలావిడ అందుకుంది. "కమ్మీ పెట్టించండి."

జీపులో ఎక్కించాక ఇనపక్క రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. తను లేకపోతే వాళ్ళు నిలబడతారా? గంటసేపైనా నిలబడతారా? ఆమెకి తెలియదు. తెలిసినట్టు నటించడానికి ఎదురుగా ఎవరూ లేరు. లోపల రోలర్ ఇంకా తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కిటికీ దగ్గరికి మొహం జరిపి, అరవలేదు, మామూలుగా మడతపెట్టేటప్పుడు అన్నట్టే అంది.

"కొస."

జీపు కదిలింది. ఇంజను మోతలో జవాబు వచ్చిందో లేదో తేల్చుకోలేకపోయింది. మెడ తిప్పి చూస్తే లాండ్రీ కప్పు మీద గొట్టంలోంచి ఆవిరి ఎప్పట్లాగే తెల్లగా లేస్తోంది. జీపు గేటు దాటింది. ఆవిరి పలచబడింది. మలుపు దగ్గర ఒక్క పోగు మిగిలింది, తర్వాత అదీ లేదు.

బాయిలర్ గదిలో, పెద్దమ్మ చూస్తుండగా, వణుకుతున్న చేతులతో అతను చక్రం తిప్పి ఆవిరి కట్టేశాడు.