మార్లిస్ వేయని ఓటు

అది చర్చి వంటింట్లో బంగాళాదుంపల సలాడ్ కలిపే గిన్నె కదా, అంచు దగ్గర నీలం రంగు పెచ్చు ఊడిన చోటు కూడా మార్లిస్‌కు తెలుసు, ఊడగొట్టింది తనే, భర్త ఆర్విడ్ అంత్యక్రియల రోజు కడుగుతూ కడుగుతూ చేయి జారవిడిచింది, ఇప్పుడా గిన్నె కౌంటీ కోర్టు భవనంలో పొడుగాటి బల్ల ఎక్కి కూర్చుని శాసనసభకు ఎవరు వెళ్లాలో తేల్చబోతోంది, వేరే గిన్నే దొరకలేదా ఈ బెవర్లీకి, పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఎన్నికల అధికారిగా ఇరవై రెండేళ్లు ఓట్లు లెక్కపెట్టించింది గానీ చీటీ తీయాల్సి రావడం ఇదే మొదలు, ఏడు వేల నాలుగు వందల పన్నెండు డ్వేన్ లాహ్తికి, ఏడు వేల నాలుగు వందల పన్నెండు ట్రేసీ హాల్వర్సన్‌కి, మళ్లీ లెక్కించినా అంతే, సమానంగా వస్తే చీటీ తీయాలని చట్టంలో ఉంది అని కళ్లజోడు సర్దుకుని చదువుతోంది, ఒక్క ఓటు, ఒక్కటంటే ఒక్కటి డ్వేన్‌కు ఎక్కువ పడి ఉంటే ఈ గిన్నె ఇవాళ అల్మరాలోనే ఉండేది, ఆ ఒక్క ఓటు ఎవరిదో ఈ గదిలో మార్లిస్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మరిచిపోయాను, అంతే, ఎవరు మాత్రం మరిచిపోరు, ఆ రోజు పొద్దున్న ఆరింటికి కారు తీస్తే మళ్లీ స్థిమితంగా కూర్చున్నదెప్పుడు, పధ్నాలుగు సార్లు తిరిగింది, నడవలేని వాళ్లనీ, కారు నడపడం మానేసిన వాళ్లనీ, మెట్ల మీద మంచు చూసి జంకే వాళ్లనీ బతిమాలి, బుజ్జగించి, చేయి పట్టుకుని చర్చి హాలుకు తీసుకెళ్లి ఓటు వేయించి మళ్లీ ఇళ్ల దగ్గర దింపింది, ఆ హాలు వాళ్ల వీధులకు, తన ఓటు ఊరికి ఆ చివర అగ్నిమాపక కేంద్రంలో, తర్వాత వెళ్దాం, తర్వాత వెళ్దాం అనుకుంటూనే ఉంది, తొంభై ఒక్కేళ్ల హిల్మా అయితే కారెక్కినప్పటి నుంచీ ఒకటే సణుగుడు, ఏమ్మా అమ్మాయ్, కారులో హీటరు పెట్టించుకోవడానికి కూడా మీ పార్టీ దగ్గర గతి లేదా, నా మోకాళ్లు గడ్డకట్టాక ఓటెవరు వేస్తారు, అంటూనే లోపలికెళ్లి వేసొచ్చి, ఓటు వేసినందుకు అక్కడిచ్చే ఎర్ర స్టిక్కరు తీసి మార్లిస్ కోటుకు అంటించేసింది, నా కోటు నిండా పిల్లి బొచ్చే, దీనికేం అంటుకుంటుంది, నువ్వే పెట్టుకో, నీకు అందంగా ఉంది, ఆ స్టిక్కరు ఇంకా అలాగే ఉంది, అది చూశాక నువ్వు ఓటు వేశావా అని మార్లిస్‌ను అడిగే వాళ్లెవరు, అయినా డెమోక్రాట్ల కమిటీలో ముప్పై ఏళ్ల నుంచీ ఇల్లిల్లూ తిరిగే మనిషిని ఎవరు అడుగుతారు.

జనవరిలో మాత్రం జాబితా వస్తుంది, ఎవరికి వేశారో దేవుడికే తెలుసు గానీ ఎవరు వేశారో ఎవరు వేయలేదో పేరు పేరునా ఉంటుంది, రెండు పార్టీలూ తెప్పించుకుంటాయి, వచ్చేసారి ఎవరి తలుపు తట్టాలో అది చూసే రాసుకుంటారు, తమ కమిటీలో ఆ జాబితా ముందేసుకుని కూర్చునేది ఎవరు, తనే, వేయని వాళ్లకు ఫోన్ చేసి తలంటేదీ తనే, ఏం లారీ, వేటకు పోవడానికి తీరిక ఉంది, ఓటుకు లేదా, ఒక్కపూట గడప దాటితే అరిగిపోతావా అని ఎంతమందిని దులిపేసిందో, ఈసారి ఆ కాగితాల్లో కొయివిస్టో, మార్లిస్ అన్న పేరు పక్కన ఖాళీగా ఉంటుంది, డ్వేన్ చూస్తాడు, హిల్మా కూడా వింటుంది, సభలో ఇటు అరవై ఆరు, అటు అరవై ఏడు, ఈ సీటు వస్తే సమానం, పోతే సభంతా వాళ్లదే, ఇంత చేసి చివరికి నీ ఓటే నువ్వు వేయలేదా అంటే ఏ ముఖం పెట్టుకుని ఊళ్లో తిరగాలి, అమ్మో, తల కొట్టేసినట్టే.

బెవర్లీ రెండు పేర్లూ అందరికీ చూపించి రెండు చీటీలు మడిచి గిన్నెలో వేసింది, డ్వేన్ పక్క కుర్చీలోంచి మార్లిస్ చేయి పట్టుకున్నాడు, చల్లగా ఉంది వాడి చేయి, గోళ్ల సందుల్లో ఆ ఎర్రటి ఇనుపరాతి పొడి ఎన్నేళ్లు కడిగినా పోలేదు, ఆర్విడ్‌కూ అంతే, ఇద్దరూ రాళ్లు పిండిచేసే యంత్రం దగ్గర పక్కపక్కన పని చేశారు, గోళ్లలో ఉన్నది సరే, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందే పోలేదు, ఆర్విడ్ చివరి ఏడాదంతా ముక్కుకు గొట్టం పెట్టుకుని కిటికీ దగ్గరే కూర్చునేవాడు, రెండు మాటలు మాట్లాడితే నాలుగు నిమిషాలు ఆయాసం, శవపేటిక మోసిన ఆరుగురిలో డ్వేన్ ఒకడు, ఆ రోజే వంటింట్లో ఈ గిన్నె పక్కనే నిలబడి ఏడ్చాడు, నేను గెలిస్తే మొదటి బిల్లు గనుల్లో దుమ్ము తగ్గించడానికే పెడతా మార్లిస్, ఆర్విడ్ పేరు మీద పెడతా అన్నాడు, ఆ మాట పట్టుకునే కదా ఆరు నెలలు మోకాలి నొప్పితో మెట్లెక్కి దిగింది, అక్టోబరులో ఆ ప్రశ్నల కాగితం వచ్చింది, గని యజమానుల సంఘం పోటీ చేసే వాళ్లందరికీ పంపుతుంది, జవాబులు నచ్చితే మద్దతిచ్చి ఇంటింటికీ కార్డులు వేస్తుంది, నచ్చకపోతే ఎదుటివాడికి వేస్తుంది, పన్నెండు ప్రశ్నలు, డ్వేన్ పూర్తి చేసి ఇచ్చాడు, మార్లిస్ కవరులో పెట్టబోతూ ఊరికే చూసింది, తొమ్మిదోది, గనుల్లో దుమ్ముపై ఇప్పుడున్న పరిమితులను కఠినం చేసే బిల్లును మీరు వ్యతిరేకిస్తారా, అవును దగ్గర నల్లటి టిక్కు, ఇదేమిటి డ్వేన్ అంటే తలెత్తకుండానే, ముందు గెలవనీ మార్లిస్, వాళ్లు ఎదురు తిరిగితే మనల్ని ఇక్కడ బతకనిస్తారా, కాగితమే కదా, గెలిచాక నేను చూసుకోనూ, అన్నాడు, వద్దు అన్న మాట నోటికి రాలేదు, కవరు అంటించింది, స్టాంపు వేసింది, పోస్టు డబ్బాలో పడేసింది, మర్నాడు మళ్లీ తలుపులు తట్టడానికి వెళ్లింది, సంఘం మద్దతు వచ్చింది, కార్డు మీద డ్వేన్ నవ్వుతున్న ఫొటో మార్లిస్ ఇంటికి కూడా వచ్చింది.

బెవర్లీ కళ్లు మూసుకుని తల పక్కకు తిప్పి చేయి పెట్టింది, ఎంతసేపు కలుపుతుంది, సలాడా ఏమన్నా, విప్పింది, డ్వేన్ లాహ్తి అంది, గది సగం లేచి నిలబడింది, సగం కూర్చుండిపోయింది, ట్రేసీ వచ్చి డ్వేన్‌కు చేయి కలిపి మర్యాదగా రెండు మాటలు చెప్పింది, డ్వేన్ ఇటు తిరిగి మార్లిస్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు, నువ్వు లేకపోతే నేను లేను మార్లిస్, ఆ ఏడు వేల నాలుగు వందల పన్నెండో ఓటు నీదేననుకుంటా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి వాడికి, అవి నిజం నీళ్లే, డ్వేన్ చెడ్డవాడు కాడు, ఇంక భయం లేదు, గెలిచాం కదా, తను వేయకపోయినా ఏం కొంపలు మునగలేదు, జాబితా వస్తే రానీ, నవ్వుకుంటారు అంతే, గుండె తేలికపడాలి, ఎందుకు పడదు, ఓడిపోతామేమోననే కదా ఈ మూడు వారాలూ కంటి మీద కునుకు లేకపోయింది, మరి గెలిచాక ఇదేమిటి, మరిచిపోయినందుకు సిగ్గయితే ఇప్పుడు పోవాలి కదా.

మరిచిపోయానా, ఆ రోజు సాయంత్రం ఏడున్నరకు అగ్నిమాపక కేంద్రం ముందు కారు ఆపలేదూ, లైన్ పెద్దదని కదా దిగలేదు, ఎక్కడి లైను, బయట ఉన్నవి మూడే కార్లు, తలుపు అద్దంలోంచి ఓట్ల బల్ల దగ్గర ఆడమనిషి ఆవులించడం కూడా కనిపించింది, ఇరవై అడుగుల దూరం, అవతలి పార్టీకి వేయడానికి చేయి రాదు, ఈ జన్మకు రాదు, ఓటు కాగితంలో డ్వేన్ పేరు పక్కన గుండ్రం నింపాలంటే పెన్ను పట్టుకోవాలి, ఆ నల్లటి టిక్కు కళ్ల ముందు కదిలింది, కిటికీ దగ్గర ఆర్విడ్ కదిలాడు, తాళం చెవి మీద చేయి పెట్టుకుని అలాగే కూర్చుంది, ఓటింగ్ ముగిసే ఎనిమిది కాగానే ఆ మనిషి లేచి తలుపు గడియ వేయడం చూసింది, చూశాకే కారు తిప్పింది, కవరు అంటించిన రోజు రాని మాట ఆ అరగంటలో అన్నది, ఎవరికీ వినపడకుండా, తనకు కూడా. డ్వేన్ ఇంకా చేయి వదల్లేదు. మార్లిస్ రెండో చేత్తో కోటు మీది ఎర్ర స్టిక్కరు గోటితో గీకి తీసి జేబులో వేసుకుంది. జనవరిలో జాబితా వస్తుంది, ఎలా మరిచిపోయావు మార్లిస్ అని డ్వేన్ అడుగుతాడు, అప్పటిదాకా ఆగడం దేనికి, మరిచిపోలేదని ఇప్పుడే చెప్పాలి.