నెమలీకల కట్ట

నీలవేణికి తోడికోడలి మీదున్న ఫిర్యాదులు ఒకటీ రెండూ కావు. కృపావతి అంబలి కాస్తే ఉండ కట్టదు. కృపావతి కోడి రోజుకో గుడ్డు పెడుతుంది, ఒక్క పూటా సెలవు తీసుకోదు. కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తే ఆవిడ బుట్టే ముందు నిండుతుంది. పైగా ఎవరు మెచ్చుకున్నా "అంతా మా అప్ప నేర్పిందే" అంటూ నీలవేణిని చూపిస్తుంది. తోడికోడలన్నాక ఒక్క చెడ్డ గుణమైనా ఉండాలా వద్దా? ఆ మాత్రం ఇంగితం లేని మనిషితో పదహారేళ్ళుగా ఒకే గోడకి అటూ ఇటూ కాపురం చేస్తోంది నీలవేణి.

అవన్నీ ఓర్చుకుంది. నెమలీకల కట్ట దగ్గరికొచ్చేసరికి ఓర్చుకోలేకపోయింది.

డుంబ్రిగుడకి దగ్గర్లో ఉన్న ఆ ఊళ్ళో ఆడవాళ్ళు పద్నాలుగు మంది కలిసి థింసా ఆడతారు. ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు వేసుకుని గొలుసులా నిలబడితే, కుడి కొసన ఉన్న మనిషి నెమలీకల కట్ట ఊపుతూ వరసని నడిపిస్తుంది. పన్నెండేళ్ళు ఆ మనిషి నీలవేణే. ఈ ఏడు మోకాలు మొరాయించింది. జట్టుకి పెద్దదిక్కయిన సోములమ్మ కట్ట తీసుకెళ్ళి కృపావతి చేతిలో పెట్టింది. నీలవేణి రెండో మనిషయింది. అంటే రోజూ కృపావతి ఎడమ చెయ్యి తన నడుం చుట్టూ, కుడి చేతిలో ఆ కట్ట తన కళ్ళెదురుగా.

ఆదివారం అరకులో ఆడాలి. బుధవారం సాయంత్రం అందరూ సాధన చేస్తున్నారు. రెండో చుట్టు తిరుగుతుండగా కట్ట నేల మీద పడింది.

"ఏటే కృపా, నాలుగీకలు మొయ్యలేకపోతన్నావా?" అంది నీలవేణి, లోపల పండగ చేసుకుంటూ.

కృపావతి ఏదో చెప్పబోయింది. వేడి సంకటి నోట్లో పెట్టుకున్నట్టు మాట ముద్దముద్దగా వచ్చింది. పెదవి కుడి కొస కిందికి జారింది. కట్ట తీయబోయి తూలింది.

"జీలుగు కల్లు బాగా ఎక్కినట్టుందే గుంటకి!" అని వరస చివర్నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు.

కృపావతి చర్చికి వెళ్ళే మనిషి. కల్లు ముట్టదు. అది అందరికీ తెలుసు, అందుకే ఆ నవ్వు ఇంకాస్త పెద్దదయింది. పక్కన నిలబడ్డ నీలవేణికి మాత్రం మరో రెండు సంగతులు తెలుసు. కల్లు వాసన రాలేదు. కుడి చెయ్యి చచ్చుబడినట్టు వేలాడుతున్నా, తన నడుం మీదున్న ఎడమ చెయ్యి ఉడుంలా పట్టుకునే ఉంది. తాగినవాడికి ఒక చెయ్యి వదులై ఒక చెయ్యి బిగుసుకోదు. ఇరవయ్యేళ్ళుగా తాగి తూలే మొగుడు బుధుని సంత నుంచి ఇంటికి నడిపించుకొస్తున్న ఆడదానికి ఆ మాత్రం తెలీదా?

"నువ్వు పక్కనే ఉన్నావు కదే, వాసనొచ్చిందేటి?" అని అడిగింది సోములమ్మ.

నీలవేణి అవుననలేదు, కాదనలేదు. కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అంతే.

పావుగంటలో కృపావతి మూతీ, మాటా, చెయ్యీ ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. కట్ట మాత్రం, మోకాలి సంగతి పక్కనపెట్టి, మళ్ళీ నీలవేణి చేతికే ఇచ్చేసింది సోములమ్మ.

"నేను తాగలేదప్పా," అంది కృపావతి ఇంటికి పోతూ. "సెయ్యి నాది కానట్టయిపోయింది. మొన్న సంతలోనూ ఇలాగే రెండు నిమిషాలయింది. నిద్దర సాల్లేదేమో. తగ్గిపోయింది కదా."

"తగ్గిపోతే మరేటి బాధ?" అంది నీలవేణి, ఈకలు సవరించుకుంటూ.

మర్నాడు పొద్దున్న బీపీ చూడ్డానికి ఆశా కార్యకర్త భానుశ్రీ వచ్చి నీలవేణి అరుగు మీద కూర్చుంది. ఆడవాళ్ళంతా చేరారు. నీలవేణి ఒళ్ళో నెమలీకల కట్ట ఉంది. బీపీ చూపించుకోడానికి అదెందుకని ఎవరూ అడగలేదు.

"కృపక్క ఏది? రెండు నెలల్నుంచి మాత్రలకి రాలేదు," అంది భానుశ్రీ.

"ఏ మొహం పెట్టుకుని వస్తాది?" అంటూ సోములమ్మ నిన్నటి కథంతా చెప్పింది, తూలడం అభినయించి మరీ.

భానుశ్రీ నవ్వలేదు. "మూతి వంకర పోయిందా? రెండు సేతులూ వదిలేసిందా, ఒక్కటేనా?"

"ఎవులు సూసారు? పావుగంటలో తగ్గిపోయిందిలే."

"తగ్గిపోయిందని ఊరుకోకూడదు పిన్నీ. అది పచ్చవాతం ముందుగా పంపే కబురు. మెదడుకి పోయే నెత్తురు కాసేపు ఆగి మళ్ళీ పారింది. ఇంకోసారి ఆగితే పారకపోవచ్చు. అది ఈ పూటో రేపో ఎవురూ సెప్పలేరు. తాగితే తాగింది, పోనీ. ఒక్క పక్కే పడిపోయుంటే మాత్రం ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాల."

గోడ అవతల కృపావతి అంబలి కలుపుతున్న గరిటె చప్పుడు వినబడుతోంది. ఉండ కట్టని ఆ అంబలి చప్పుడంటే నీలవేణికి పదహారేళ్ళుగా ఒళ్ళుమంట. ఇప్పుడు ఒక్క మాట చెబితే ఒళ్ళో ఉన్న కట్ట పోతుంది. ఆదివారం అరకులో పదిమందీ చూస్తుండగా ముందు నిలబడే ముచ్చటా పోతుంది. ఊళ్ళో పరువు సంగతి సరేసరి.

చప్పుడు ఆగింది.

నీలవేణి లేచి నిలబడింది. ఆవిడ అడుగు వేసేలోపే గరిటె మళ్ళీ కదిలింది గానీ, ఆవిడ ఇక కూర్చోలేకపోయింది.

"భానూ, నూటెనిమిదికి ఫోన్ సెయ్యి, బేగి!" అంటూ పక్కింట్లోకి నడిచింది. వెనకాలే అందరూ వచ్చారు.

పొయ్యి దగ్గర కృపావతి తలెత్తి చూసింది. నీలవేణి గరిటె లాక్కుని, ఆ చేతిలో నెమలీకల కట్ట పెట్టింది.

"ఇదేటప్పా? ఇది నీది కదా," అంది కృపావతి.

"కాదు. నువ్వు ఆసుపత్రికెళ్ళి తిరిగొచ్చిందాకా ఎవులూ దీన్ని ముట్టరు." నీలవేణి గుమ్మంలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. "ఇనండి. దీని నోట వాసన రాలేదు. కుడి సెయ్యే పడిపోయింది, ఎడమ సెయ్యి నన్ను గట్టిగానే పట్టుకునుంది. నాకు నిన్ననే తెలుసు. కట్ట కోసం నోరు మూసుకున్నాను. తప్పు నాది."