హేమలత పైను, జయశ్రీ మట్టు

మనిషన్నాక కాస్త కుళ్లు ఉంటుంది, కాదనను. కానీ హేమలతకి పట్టింది మామూలు కుళ్లా? జయశ్రీ నవ్వితే కుళ్లు, టీ తాగితే కుళ్లు, ఆ గుంట కీబోర్డు మీద టకటకలాడిస్తే ఆ చప్పుడుకీ కుళ్లే.

అరకు దగ్గర ఓ కాఫీ రైతుల సంఘం ఆఫీసు అది. ఆరు బల్లల మీద ఆరు తెరలున్నాయి గానీ, అన్నిటికీ బుర్ర ఒక్కటే, మూలగదిలో ఉన్న యూనిక్స్ కంప్యూటరు. సిగ్నల్ ఉన్నప్పుడు మెయిళ్లు అందులోకి దిగుతాయి, సిగ్నల్ పోయాక కూడా తీరిగ్గా చదువుకోవచ్చు. చదవడానికి మూడు ప్రోగ్రాములు: పైన్, మట్, ఇంకోటి వట్టి మెయిల్. ఏడేళ్లుగా అందరికీ పైన్ నేర్పింది హేమలతే. ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెర అడుగున రాసే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు బెదరరు. సంఘం పెద్ద గాసి మామకి అరవై దాటాయి. ఆయన కూడా ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో మీటా వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. సంతలో ఎవరు కనబడినా "మా హేమలత నేర్పింది" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎంత చాకిరీ అయినా చేసేది.

మూడు నెలల కిందట నర్సీపట్నం నుంచి జయశ్రీ ఉద్యోగానికొచ్చింది. ఆ పిల్లకి మట్ అలవాటు. అది ఒక సంగతి మీద వచ్చిన మెయిళ్లన్నీ ఒకే గుత్తిగా చూపిస్తుంది, వంద మెయిళ్లున్నా రెండు మీటలతో సర్దేస్తుంది. ఓ రోజు గాసి మామ వెళ్లి ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? తిరిగొచ్చి హేమలతతోనే, ఈ గుంట శానా బేగి సూపిస్తంది అమ్మీ, అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆవిడకి అన్నం సహించలేదు.

మేనేజరు సాయినాథ్‌కి ఈ గొడవలేం తెలీవు. తలో ప్రోగ్రామూ వాడితే ఒకరి కష్టం ఒకరు తీర్చలేరు, ఏదో ఒకటి ఖాయం చేద్దామన్నాడు. శుక్రవారం ఇద్దరూ సంఘం ఉమ్మడి ఖాతా తెరిచి అందరికీ చూపించాలి, ఆపైన అందరూ చెయ్యెత్తి తేలుస్తారు. ఎవరిది నెగ్గితే ఆ మనిషే కొయ్యూరు, లంబసింగి, రాజవొమ్మంగి వెళ్లి అక్కడి సంఘాల వాళ్లకి నేర్పాలి. హేమలతకి ఆ ఊళ్ల మీద ధ్యాస లేదు. గాసి మామ చెయ్యి ఎటు లేస్తుందన్నదే బెంగ.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికే వచ్చింది. జయశ్రీని కొనుగోలుదార్లు ఏమని పొగుడుతున్నారో చూడకపోతే ఉండలేకపోయింది మరి. ఉమ్మడి ఖాతాలోకి వెళ్లి, కంగారులో వట్టి మెయిల్ తెరిచింది. పన్నెండు మెయిళ్లూ చదివింది. నాలుగింట్లో జయశ్రీ గారికి ధన్యవాదాలున్నాయి. పళ్లు నూరుకుంటూ మూసేసింది.

పదకొండింటికి అందరూ చేరారు. జయశ్రీ మట్ తెరిచింది. ఒక్క మెయిలూ లేదు. మూసి మళ్లీ తెరిచినా లేదు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

హేమలతకి సంగతి అర్థమైంది. వట్టి మెయిల్‌కి ఓ పాడు అలవాటుంది: చదివిన మెయిళ్లని వచ్చిన పెట్టెలోంచి తీసి వేరే పెట్టెలో పడేస్తుంది. పైన్ ఆ రెండో పెట్టె కూడా చూస్తుంది. మట్ మనం చెబితే తప్ప అటు చూడదు. అందుకే వట్టి మెయిల్ జోలికి పోవద్దని అందరికీ చెప్పింది కూడా తనే. ఇప్పుడు నోరు తెరవాలి. తెరవలేదు. తన వంతు రాగానే పైన్ తెరిచింది. పన్నెండు మెయిళ్లూ వరసగా కనబడ్డాయి.

"పాతదే నమ్మకం, అమ్మీ. అదేటో మెయిళ్లు మింగేత్తంది," అని గాసి మామ చెయ్యెత్తాడు. మిగతా చేతులూ లేచాయి.

ఎంత సంబరమో! మధ్యాహ్నం దాకా హేమలత కాళ్లు నేల మీద లేవు. అప్పుడు జయశ్రీ కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. పైన్ నేర్పమని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"పొద్దున్న ఎనిమిదింటికి నీ తెర మీంచి ఉమ్మడి ఖాతా తెరిచినట్టు మెషీన్లో రాసుంది అక్కా. మెయిళ్లు కనబడనప్పుడే చూశాను. మామ ముందు అనబుద్ధి కాలేదు."

సిగ్గుతో చచ్చిపోవాలి కదా? సిగ్గు తర్వాత వచ్చింది. ముందొచ్చింది కుళ్లే. పని చేతనవడం చాలక, దీనికి ఈ మంచితనం కూడానా! ఇదే తనైతే పదిమందిలో నిలబెట్టి కడిగేసి ఉండేది. ఆ సంగతి తనకి బాగా తెలుసు, అందుకే ఇంకా మండింది.

గాసి మామ గొడుగు చంకన పెట్టుకుని బస్సుకి బయల్దేరుతున్నాడు. హేమలత లేచి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మామా, మట్ ఏమీ మింగలేదు. పొద్దున్న నేనే తెరిచి మెయిళ్లు పక్కకి పోయేలా చేశాను. తెలిసీ ఊరుకున్నాను."

ఆయన గొడుగు గోడకి ఆనించి లోపలికొచ్చాడు. ఏడేళ్లుగా తాను కూర్చుంటున్న కుర్చీని హేమలత బల్ల దగ్గర్నుంచి ఎత్తి, జయశ్రీ బల్ల దగ్గర వేసుకుని కూర్చున్నాడు.

"ఇలా రా అమ్మీ, మొదట్నించీ సూపించు," అన్నాడు ఆ పిల్లతో.

హేమలత ఆయన ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోవడం చూస్తూ గుమ్మంలోనే ఉండిపోయింది.