గడ్డం గీసుకునే కారు

ఎత్తు తక్కువ కారు కొనడం నేరం కాదు. మా ఊరి దారిమీద నడపడానికి కొనడం మాత్రం తెలివితక్కువ పని. సంజీవరావు గారు ఆ పనిని పంతొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరంలో చేశారు. ఆ ఏడు మిరపకాయలు మంచి ధర పలికాయి. మద్రాసులో ఒక దొర సామాను అమ్ముకుని వెళ్ళిపోతుంటే, అతని సీమకారును దాని రంగు చూసి, సీట్ల మెత్తదనం చూసి కొన్నారు. కిందికి వంగి మాత్రం చూడలేదు. ముందు బంపరుకూ నేలకూ మధ్య దూరం జానెడు కూడా లేదు. ఆ కారు పుట్టిన దేశంలో రోడ్లు పలకల్లా ఉంటాయి కాబట్టి అక్కడికి ఆ ఎత్తు సరిపోతుంది.

మాది నల్లరేగడి నేల. పత్తి బోరాలూ మిరప బస్తాలూ మోసుకుపోయే ఎడ్లబండ్లు వానల్లో చీరాల దారిని రెండు గాళ్ళుగా కోసిపెట్టేవి. ఇనప పట్టా చక్రాలు నడిచినచోట నేల దిగిపోయి, నడుమ మట్టి మిట్టగా మిగిలేది. మాఘమాసం దాటేసరికి ఆ మిట్ట రాయిలా గట్టిపడేది. కారు చక్రాలు గాళ్ళలోకి దిగితే కారు కడుపు ఆ మిట్టమీద కూర్చుంటుంది. ఇక మురుగుకాలువ కట్ట మీదికి దారి ఎక్కేచోట అయితే ముందు బంపరు కింది భాగం తిన్నగా వెళ్ళి కట్టను గుద్దుకుంటుంది. నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎత్తూ పల్లమూ కొలవడమే నా ఉద్యోగం. ఈ విషయం తెలియడానికి నిజానికి ఆ ఉద్యోగం కూడా అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

కారు నడపడానికి ఖాదర్ వలిని పెట్టుకున్నారు. అంతకుముందు అతను గుంటూరుకు మిరప లారీ తోలేవాడు. ఆ ఘాటు ఛాతీకి పట్టి, మళ్ళీ లారీ ఎక్కితే బతకవని డాక్టరు చెప్పాడు. సంజీవరావు గారి గోడౌను పక్క గదిలో అతనూ, అతని భార్య నసీమున్నీసా కాపురం పెట్టారు. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది.

ఖాదర్ వలి మొదటి వారంలోనే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒక పక్క చక్రాలను మిట్టమీదికీ, రెండో పక్క చక్రాలను దారి అంచుకూ ఎక్కించి, కారును కొంచెం ఒరిగించి నడిపేవాడు. అలా నడిపితే నేల తగలకుండా కట్ట దాటవచ్చు. కానీ దానికి ఓపికగా, నత్తలా పోవాలి. సంజీవరావు గారికి నత్తలా పోవడం నచ్చలేదు. దొర కారు కొన్నది చీరాల సంతకు వెళ్ళేవాళ్ళ సైకిళ్ళ వెనక పడి పోవడానికా అన్నారు. వేగంగా పొమ్మన్నారు. కారు కట్టను గుద్దుకుంది. ఆయిలు చాంబరుకు చిల్లి పడి, నూనె దారంతా కారింది.

ఊళ్ళో కుర్రకారుకు ఇంతకంటే ఏం కావాలి? మర్నాటి నుంచి కారు బయటికి వస్తే చాలు, కాఫీ హోటలు బల్లల మీదినుంచి కేకలు.

"ఒరేయ్, సంజీవరావుగారి కారు గడ్డం గీసుకోడానికి బయల్దేరిందిరోయ్!"

"సబ్బు రాశారంటరా?"

"సబ్బెందుకురా, బురదుందిగా!"

ఇన్ని నోళ్ళు కారును గురించి మాట్లాడుకుంటున్నాయి కాబట్టి జరిగింది దృష్టిదోషమేనని సిద్ధాంతి తేల్చాడు. ఈయన మా తాలూకాలో పెళ్ళిళ్ళకు లగ్నాలు పెట్టేవాడు, బావులకు చోటు చూపించేవాడు. ఆ బావుల్లో నీళ్ళు పడితే ఆయన ప్రజ్ఞ, పడకపోతే తవ్వినవాళ్ళ పాపం. ఆయన సలహా మీద బంపరు కింద నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ వేలాడదీశారు. కట్ట ఎక్కేటప్పుడు దండ మట్టికి రాసుకుని తెగిపోయింది. తెగిందంటే దిష్టి గట్టిదన్నమాట. నల్లతాడుకు గవ్వలు కట్టి ఇంకొంచెం కిందికి వేశారు. అదీ తెగింది. తర్వాత బూడిదగుమ్మడికాయ కట్టారు. గుమ్మడికాయ ఎంత లావుంటుందో, జానెడు సందులో ఎలా పడుతుందో ఎవరూ ఆలోచించలేదు. అది ఊరి పొలిమేర కూడా దాటలేదు.

చివరికి సిద్ధాంతి ఒక రాగి రేకుమీద గళ్ళు గీసి, బీజాక్షరాలు చెక్కించి తెచ్చాడు. ఇది తెగేది కాదు, రాలేది కాదు. దాన్ని టేకు చెక్కకు తాపడం చేసి, బంపరు అడుగున బోల్టులతో బిగించారు. కారు నేలకు తగులుతుందన్న భయంతో, తగిలే చోటును ఇంకో నాలుగు వేళ్ళు కిందికి దించిన మనుషులను నేను మరెక్కడా చూడలేదు. ఇప్పుడు ఖాదర్ వలి ఉపాయం కూడా పనికిరాకుండా పోయింది. కారు మెల్లగా పోయినా తగిలేది, వేగంగా పోయినా తగిలేది. తగిలిన ప్రతిసారీ అతనికి తిట్లు.

ఒక మధ్యాహ్నం అతను మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సర్వేయరు గారూ, మీరన్నా చెప్పండయ్యా మా అయ్యగారికి. ఆ చెక్క తీసేస్తే నేను పాలగ్లాసు పెట్టుకుని చుక్క ఒలక్కుండా కట్ట దాటిస్తాను."

"నువ్వే చెప్పచ్చుగా?"

"ఎట్టా చెప్పనండీ? సాయిబు మన యంత్రం పీకెయ్యమంటున్నాడంటారు. ఆ మాట ఊళ్ళో పడిందంటే నాకు ఉద్యోగం కాదు, నిలవడానికి నేల కూడా ఉండదు."

అతని మాటలో పిసరంత అతిశయోక్తి లేదు. ఆ సాయంత్రమే నేను అడుగుబద్ద పట్టుకుని సంజీవరావు గారింటికి వెళ్ళాను. కారు పక్కన గొంతుకూర్చుని, రేకుకూ నేలకూ మధ్య దూరం ఎంతో, కట్ట వాలు ఎంతో, రెండూ కలిస్తే ఏమవుతుందో సుద్దతో నేలమీద గీసి చూపించాను. ఆయన పడక్కుర్చీలోంచి లేవలేదు.

"మీరు దేవుడే లేడంటారు. యంత్రం సంగతి మీకేం తెలుస్తుందండీ?"

"యంత్రం సంగతి తెలియదు. ఎత్తు సంగతి తెలుసు."

"అసలు సగం దిష్టి మీ నోటిదే. కారు వచ్చిన రోజునే, ఇది మన దారికి పనికిరాదన్నారు మీరు. అన్నారా లేదా?"

అన్నాను. నేను ముందే చెప్పినది జరిగితే, చెప్పడంవల్లే జరిగిందని వాదించే మనిషికి అడుగుబద్ద చూపించి ఏం ప్రయోజనం? ఖాదర్ వలి మాట చెల్లదు, అతనిది వేరే మతం కాబట్టి. నా మాట చెల్లదు, నాకు ఏ మతమూ లేదు కాబట్టి. ఇక రేకు తీయమని చెప్పగల అర్హత ఉన్నవాడు, దాన్ని బిగించమన్నవాడు ఒక్కడే.

పది రోజుల తర్వాత సిద్ధాంతికి నెల్లూరులో ఒక పెళ్ళి తగిలింది. చీరాలలో రైలెక్కాలి. సంజీవరావు గారు స్వయంగా దిగబెడతానన్నారు. నాకు కళ్ళద్దాలు మార్పించే పని ఉండి నేనూ ఎక్కాను. బయల్దేరేముందు సంజీవరావు గారు అందరూ వినేటట్టు ప్రకటించారు.

"ఏరా ఖాదరూ, ఇవాళ సిద్ధాంతిగారు సాక్షాత్తూ కార్లో కూర్చున్నారు. ఏ దిష్టీ దగ్గరికి రాదు. ఇవాళ గనక నేలకు తగిలిందో, అది నీ చేతి దోషమే. తాళాలు ఇచ్చేసి, రేపు గది ఖాళీ చేసి పో."

ఖాదర్ వలి కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లలో గాలి చూసుకుని కూర్చున్నాడు.

కట్ట దగ్గరికి వచ్చేసరికి అతను వేగం పూర్తిగా తగ్గించాడు. ఒక పక్క మిట్టమీదికీ, రెండో పక్క అంచుకూ ఎక్కించాడు. ఎంత నేర్పుగా ఎక్కిస్తే మాత్రం ఏం లాభం? చెక్క అంచు కట్టలో దిగబడింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి, మా వెనకంతా దుమ్ము లేపాయి. కారు ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు.

సంజీవరావు గారు చెయ్యి చాచారు. "తాళాలు."

నాకు ఆ క్షణం పండగలా ఉంది. ఇంత చక్కని పరీక్షను నేను ఏర్పాటు చేసినా కుదిరేది కాదు. సిద్ధాంతి వైపు తిరిగి అన్నాను: "తమరు లోపలే కూర్చుని ఉండగా దృష్టిదోషం ఎటునుంచి దూరిందండీ? కిటికీలోంచా?"

సిద్ధాంతి ముఖం జేవురించింది. ఒకపక్క రైలు వేళ అవుతోంది. ఆయన వేలెత్తి ఖాదర్ వలి వీపు వైపు చూపించాడు.

"నాయనా సంజీవరావూ, యంత్రంలో లోపం లేదు. నడిపే చేతిలో—"

"అయ్యగారూ!" ఖాదర్ వలి తలుపు తోసుకుని కిందికి దూకాడు. కారు ముందు వంగి చూసి, రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "సిద్ధాంతిగారి యంత్రం లేకపోతే ఈపాటికి కారు బోల్తాకొట్టి కాలవలో ఉండేదండీ! దెబ్బంతా అదే కాసింది! చూడండయ్యా, రేకు ఎట్టా వంగిపోయిందో!"

చెరువులో పడ్డవాడు గడకర్రను పట్టుకున్నట్టు సిద్ధాంతి ఆ మాటను పట్టుకున్నాడు. దిగి, పట్టుపంచె ఎగ్గట్టి, మట్టిలో మోకాళ్ళూని, తన యంత్రం ఏం చేస్తోందో మొట్టమొదటిసారి కళ్ళారా చూశాడు. కట్టనూ చూశాడు. మెడ ఎత్తి చీరాల వైపూ చూశాడు.

"అవునవును. యంత్రం దోషాన్ని పూర్తిగా లాగేసుకుంది. నిండిపోయింది. ఇక దీన్ని అధోభాగంలో ఉంచకూడదు. ఊర్ధ్వంలో ప్రతిష్ఠించాలి. పైన, కప్పు లోపల."

"నేను ముట్టుకోకూడదు కదండీ," అని ఖాదర్ వలి ఎంతో వినయంగా పానా అందించాడు.

బోల్టులు బిగుసుకుపోయి ఉన్నాయి. తాలూకా అంతటికీ ముహూర్తాలు పెట్టే మనిషి బంపరు కింది గాడిలో వెల్లకిలా పడుకుని, జంధ్యం చెవికి చుట్టుకుని, మూలుగుతూ పానా తిప్పాడు. ఆయన గడ్డం మీద మట్టిగడ్డలు రాలాయి. నా జీవితంలో నేను అంత ఆనందించిన ప్రతిష్ఠ మరొకటి లేదు.

రేకూ చెక్కా ఊడివచ్చాక ఖాదర్ వలి కారును కొంచెం వెనక్కు తీసి, మళ్ళీ ఒక పక్కగా ఒరిగించి, మెల్లగా కట్ట ఎక్కించాడు. ఎక్కడా ఏమీ తగలలేదు. అవతలి పక్కకు దిగేటప్పుడూ తగలలేదు. సంజీవరావు గారు చాచిన చేతిని వెనక్కు తీసుకుని, రెండో చేతితో జోడించి, సిద్ధాంతికి నమస్కారం పెట్టారు. "నీ తప్పేం లేదులేరా ఖాదరూ, పోనీ," అన్నారు. తర్వాత గెలిచినవాడిలా వెనక్కు తిరిగారు.

"చూశారా సర్వేయరు గారూ? యంత్రం చోటు మార్చగానే ఎట్టా దాటిందో! ఇప్పుడేమంటారు?"

అనవలసింది చాలా ఉంది. నేను గొంతు సవరించుకున్నాను. "నేననేదేమిటంటే, నేలకూ రేకుకూ మధ్య—"

ఖాదర్ వలి హారన్ నొక్కాడు. నా మాట నాకే వినపడలేదు.

"ఎవర్రా అడ్డం?" అన్నారు సంజీవరావు గారు.

"గేదెలండి."

"ఏవిరా గేదెలు?"

"పోయినయ్యండి."

కనుచూపుమేర దారి ఖాళీగా ఉంది. నేను మళ్ళీ నోరు తెరిచాను. "ఎత్తు నాలుగు వేళ్ళు పెరిగింది కాబట్టే ఈ కారు—" మళ్ళీ హారన్. ఈసారి ఎదుటి అద్దంలో ఖాదర్ వలి కళ్ళు నా కళ్ళను పట్టుకున్నాయి. హారన్ మీదినుంచి చెయ్యి తీయకుండా, తల ఆడీ ఆడనట్టు అడ్డంగా తిప్పాడు.

చీరాల స్టేషను వచ్చేదాకా మాకు గేదెలు చాలా అడ్డం వచ్చాయి.