పొడుగు గీత

ఆఫీసులో ఆమెను అందరూ కామాగారు అనేవారు. ఎవరి వాక్యంలో చుక్క తప్పినా ఊరుకోని మనిషి కనుక ఆ పేరు ఖాయమైపోయింది. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో ఒక్క తీగ కూడా లాగకుండా కంప్యూటర్ తెర మీదే నెట్‌వర్క్ కట్టి, సందేశాలు ఎక్కడ ఇరుక్కుంటాయో ముందే చూసుకోవచ్చు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం పూచీ ఆమెది.

సోమవారం పొద్దున ఒక కాలేజీ మాస్టారి నుంచి ఉత్తరం వచ్చింది. మూడో అధ్యాయంలోని మొదటి ఉదాహరణలో ఇచ్చిన కోడ్ తన క్లాసులో ఎవరికీ నడవలేదట. ఒకమ్మాయి మూడు రోజులు అక్షరం అక్షరం చూసి కొట్టి, ఈ చదువు తనకు అబ్బదని మానేసి వెళ్లిపోయిందట. ఆయన నిష్ఠూరమేమీ ఆడలేదు. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

తన దగ్గరున్న అసలు కోడ్ ఫైలు తెరిచి నడిపింది. చక్కగా నడిచింది. మళ్లీ నడిపింది, మళ్లీ నడిచింది. సీనియర్ ప్రోగ్రామర్‌ను అడిగితే, పిల్లలే ఏదో తప్పు కొట్టి ఉంటారని, శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల పెట్టుకుని ఈ గొడవేమిటని, అయినా మాన్యువల్ చదివేదెవరని తల తిప్పకుండానే అన్నాడు. ఆమె సీట్లో కూర్చుంది, లేచింది, నీళ్లు తాగింది, తాగానో లేదో గుర్తులేక మళ్లీ తాగింది.

సాయంత్రం ఇంట్లోనూ అదే వరస.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అంది వదిన, కుట్టుమిషన్ ఆపి.

కామాగారు అచ్చుపుస్తకం, లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ముందు పెట్టి, పేజీలో ఉన్నది ఉన్నట్టు కొట్టమంది. వదినకు కోడ్ అంటే ఏమిటో తెలియదు. కానీ కొలతలో అర అంగుళం తేడా రానివ్వని చెయ్యి అది. నాలుగో వరస దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడ గీత పొడుగ్గా ఉంది. మీటల మీద పొట్టిదే ఉంది. అదే కొట్టనా?"

"అక్కడ రెండు గీతలుండాలి వదినా."

"ఉండాలంటే ఎలా? నాకు కనిపించేది ఒకటేగా."

కామాగారు పుస్తకం లాక్కుని చూసింది. పక్కపక్కన ఉండాల్సిన రెండు పొట్టి గీతలు కలిసి ఒక పొడుగు గీతైపోయాయి. కాస్త లోపలికి జరిగి మొదలవ్వాల్సిన వరసలన్నీ అంచుకు అతుక్కున్నాయి. నిటారు కొటేషన్ గుర్తులు వంకర తిరిగాయి. రెండేళ్ల కిందట, పేజీలు ముచ్చటగా ఉండాలని, అచ్చు ప్రోగ్రాములో వాటిని దానంతటదే తీర్చిదిద్దే సదుపాయాన్ని ఆన్ చేసింది తనే. వాక్యాలకు నగిషీ పెట్టిన ఆ సదుపాయమే కోడ్‌కు ఉరేసింది. ఊరందరి తప్పులూ ఏరిన కళ్లకు ఇంట్లో తప్పు కనిపించలేదు.

మర్నాడు సీనియర్ ముందు ఆ పేజీ పెట్టి, చూసి కొట్టమంది. రెండుసార్లు కొట్టాడు. రెండుసార్లూ తప్పని చెప్పే ఎర్ర అక్షరాలే. ఆయన గడ్డం గోక్కుని, విడుదల సోమవారానికి జరుపుదామన్నాడు.

మొత్తం రెండువందల పద్నాలుగు ఉదాహరణలు. ప్రతిదాన్నీ విడి పెట్టెలో, అన్నీ ఒకే వెడల్పున్న అక్షరాలతో, ఖాళీలు చెదరకుండా అమర్చింది. తయారైన పేజీల్లోంచి కోడ్ తీసి నడిపి చూసే చిన్న ప్రోగ్రాము సీనియర్ రాసిచ్చాడు. మొదటిసారి పంతొమ్మిది తప్పాయి. ఆమె వాటి వెంటపడింది. అన్నీ నడిచినా మనసు మాత్రం కుదుటపడలేదు. మాస్టారి ద్వారా అడిగించి, ఆ అమ్మాయి ఒప్పుకున్నాక ఫోన్ చేసింది. ఆ పిల్ల ఇప్పుడు చెప్పుల దుకాణంలో పనిచేస్తోంది.

"నువ్వు తప్పు కొట్టలేదమ్మా. పేజీయే తప్పు. ఆ తప్పు నాది."

అవతల ఎవరో చెప్పుల సైజు అడుగుతున్న సద్దు వినబడింది.

"అంటే మూడు రోజులూ నేను సరిగ్గానే కొట్టానా?"

"పుస్తకంలో ఉన్నట్టే కొట్టావు."

"నా బుర్రకు ఇది ఎక్కదని నాన్నకు చెప్పేశానండీ," అంది ఆ అమ్మాయి. గొంతులో కోపముంది. చివరికి, కాలేజీకి తిరిగి వెళ్లే మాట ఇప్పుడే చెప్పలేనని, కొత్త పేజీ మాత్రం పంపమని అంది.

పేజీ పంపాక రెండు రోజులు కామాగారు ఫోను కింద పెట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. తెర మీద రెండు కంప్యూటర్లు, వాటి మధ్య దాటిన సందేశం. కింద ఒక ప్రశ్న: మూడో కంప్యూటర్ కలిపితే సందేశం సగంలో ఆగిపోతోంది, ఎందుకండీ?

జవాబు కామాగారికి తెలియదు. ఫోను పట్టుకుని సీనియర్ బల్లవైపు గబగబా నడిచింది.